హెర్తాకి ఆది జాకెట్టు

అల్ మవాలే, మస్కట్
3 జనవరి 2025

రమణి వదినకి,

చేతులు రెండూ జోడించి నమస్కారం పెట్టి, అందులో ఒకటి విడదీసి రాస్తున్నాను. ఇక్కడ ఇద్దరం బాగున్నాం. మీ కుడి చెవి ఎలా ఉంది?

ఫోను ఉండగా ఈ కాగితాలేమిటని మీ తమ్ముడు ఇప్పటికీ నవ్వుతారు. ఆయనకేం తెలుసు! ఫోన్ చేస్తే మీకు వినపడాలని స్పీకర్ పెడతాను. స్పీకర్ పెట్టగానే ఆయన సోఫాలోంచి లేచొచ్చి "అక్కా, బీపీ మాత్ర వేసుకున్నావా" అని అందుకుంటారు. ఇక ఆ ఫోను ఆయనదే. కాగితం మీదైతే మధ్యలో ఎవరూ దూరలేరు.

ఈసారి పెద్ద విశేషం ఉంది. మా వైపు తెలుగు కుటుంబాలు పెట్టుకున్న చిన్న సంఘం ఉంది కదా, దాని వార్షికోత్సవం ఫిబ్రవరి ఇరవై ఒకటిన. "వెలుగు" గురించి ఎవరైనా మాట్లాడాలన్నారు. స్విచ్‌గేర్ లాంటి కరెంటు సామాను అమ్మే కంపెనీలో ఇంజనీరని మీ తమ్ముణ్ణి అడిగారు. ఆయన దర్జాగా ఒప్పుకుని, ఇంటికొచ్చి బూట్లు విప్పకముందే ఆ పని నాకు అప్పగించారు. "ఫిజిక్సు చదివావుగా, ఏదో ఒకటి రాసిపెట్టు" అన్నారు.

నేను రాసింది ఏదో ఒకటి కాదు వదినా. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో హెర్తా అయర్టన్ అని ఒకావిడ ఉండేది. పోయి వందేళ్ళు దాటింది. ఆ రోజుల్లో వీధుల్లో ఆర్క్ దీపాలు పెట్టేవాళ్ళు. రెండు బొగ్గు కడ్డీలని ఎదురెదురుగా ఉంచి కరెంటు పంపితే మధ్య ఖాళీలో కళ్ళు చెదిరే వెలుగొస్తుంది. కాని ఆ దీపం ఉన్నట్టుండి బుస్సుమని రెపరెపలాడేది. ఎందుకో పెద్దపెద్దవాళ్ళకి అంతుపట్టలేదు. గాలిలో ఉన్న ఆక్సిజన్ వెళ్ళి మండే బొగ్గు కొనని తాకడం వల్లేనని ఈవిడ కనిపెట్టింది.

అయితే చదివేది మీ తమ్ముడే. కరపత్రంలో ఆయన పేరే వేస్తారు. జ్యోతి వెలిగించేటప్పుడు అగ్గిపెట్టె పళ్ళెం పట్టుకునేది నేను. నాకేం బాధ లేదు. ఈ ముక్క రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేశాను. కాగితం చూస్తే మీకే తెలుస్తుంది. నేనే చదవాలని ఉంది వదినా. కాని మైకు తలచుకుంటేనే గొంతు వణుకుతోంది, ఆయన్ని అడగడానికి నోరు రావడం లేదు.

ఈ కాగితం నిండింది. మిగతాది రెండో కాగితంలో చూడండి.

(రెండో కాగితం)

హెర్తా వాళ్ళాయన కూడా మీ తమ్ముడిలాగే కరెంటు మనిషి. ఆయన సభలకని అమెరికా వెళ్తే ఇక్కడ ప్రయోగాలన్నీ ఈవిడే చూసుకుంది. ఆయన రాసుకున్న వ్యాసాన్ని ఎవరో పనిపిల్ల పొయ్యి అంటించడానికి వాడేసిందట! ఈవిడ ఏడుస్తూ కూర్చోకుండా మొత్తం మొదటినుంచి తనే చేసింది. దీపం బుస్సుమంటే అందరూ వెనక్కి జరుగుతారు, హెర్తా మాత్రం దగ్గరికెళ్ళి చూస్తుంది.

ఇంత చేస్తే ఏం లాభం? పేరుమోసిన ఒక సంఘంలో ఈవిడ రాసినది ఈవిడని చదవనివ్వలేదు. ఒక మగాయన లేచి చదివాడు. సభ్యత్వానికి పేరు పంపిస్తే పెళ్ళయిన ఆడవాళ్ళని చేర్చుకోవడం కుదరదన్నారు.

నా పగలంతా ఆవిడతోనే గడిచిపోతోంది. మీ తమ్ముడు కూడా ఆఫీసు నుంచి రాగానే "ఇవాళ హెర్తా ఏమంటోంది" అంటూ టీ పట్టుకుని కూర్చుంటున్నారు. భోజనం వేళదాకా మేం ముగ్గురమే.

మీ తమ్ముడి ఆఫీసులో పనిచేసే భానుతేజ పెళ్ళిచూపులకి రాజమండ్రి వస్తున్నాడు. హల్వా, ఈ ఉత్తరం అతని చేతే పంపుతున్నాను. డబ్బా మహబూబీ కడుతోంది. మహబూబీ గుర్తుందిగా, పొద్దుటిపూట మా ఇంట్లో పనికొచ్చే రాయచోటి మనిషి. హల్వాలో నెయ్యి ఎక్కువ, కొంచెం కొంచెంగా తినండి.

మీ మరదలు
శ్యామల

*

సామర్లకోట
19 జనవరి 2025

అమ్మాయ్ శ్యామలా,

ఉత్తరం కన్నా ముందు హల్వా తిన్నాను, కాబట్టి దీవెనలు కాస్త తియ్యగానే ఉంటాయి. కాని నువ్వేంటమ్మా, ఒక నమస్కారం లేదు, చెవెలా ఉందన్న పలకరింపు లేదు, మొదలే "హెర్తా వాళ్ళాయన" అంటూ మొదలెట్టావు! మస్కట్ వెళ్ళాక ఆడపడుచు అంత అలుసైపోయిందా?

డబ్బాకి చుట్టిన కాగితం నెయ్యి పట్టి జిడ్డోడుతోంది. మీద ఏవో కొట్టివేతలు. చిత్తు కాగితమని నీళ్ళపొయ్యిలో పెడితే ఒక్క పుల్లకే భగ్గుమంది. ఈసారి అలాంటివి నాలుగు చుట్టి పంపు, కిరసనాయిలు పని ఉండదు.

ఇంతకీ ఈ హెర్తా ఎవరు? మీ బిల్డింగులోకి కొత్తగా దిగిందా? పేరు చూస్తే గోవా ఆవిడలా ఉంది. పాపం, మొగుడు అమెరికా వెళ్తే ఎన్ని కష్టాలో! ఆ పనిపిల్లనైతే నా ఎదురుగా నిలబెట్టు. రాతకాగితమో చిత్తుకాగితమో చూసుకోకుండా పొయ్యిలో పెట్టేస్తుందా? కళ్ళెక్కడ పెట్టుకుంది?

ఇంట్లో దీపం బుస్సుమంటే దగ్గరికెళ్ళి చూడ్డమేంటి! ముందు మెయిన్ ఆపమను. మా తమ్ముడు వెళ్ళి వైరింగ్ చూస్తాడు. వద్దులే, వాడు వెళ్ళక్కర్లేదు. వేరే ఎలక్ట్రీషియన్ని పంపు. రోజూ సాయంత్రం వాడు టీ పట్టుకుని ఆవిడ దగ్గర కూర్చోవడం కూడా నాకు నచ్చలేదు. కొత్తవాళ్ళు దొరికితే వాడు తన కాలేజీ కబుర్లన్నీ చెప్పేదాకా లేవడు. ఆవిడ మంచిది కాబట్టి భరిస్తోంది.

పెళ్ళయిన ఆడదాన్ని చేర్చుకోని సంఘం ఎక్కడుందే? ఆ సెక్రటరీకి పెళ్ళి కాలేదా? రాసింది ఆవిడైతే చదవడానికి మధ్యలో ఇంకో మనిషెందుకు? నా మాటగా చెప్పు, నోరు తెరవమను. మొదట వణుకుతుంది. నేను కుట్టుమిషను ఎక్కిన కొత్తలో కాళ్ళు ఎంత వణికాయో. తొక్కగా తొక్కగా ఆ వణుకంతా మిషన్లోకి పోయింది.

నా బతుకు చూడు. కత్తిరించేది నేను, కుట్టేది నేను, బోర్డు మీద మాత్రం "పాండురంగా లేడీస్ టైలర్స్". మీ అన్నయ్యగారికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఎవరైనా ఫోన్ చేసి "ఏ షాపండీ" అంటే మొగుడి పేరు నోటితో అనలేక "స్టేషన్ రోడ్డులో కుట్టు షాపండీ" అంటాను. ఇన్నేళ్ళలో నా షాపు పేరు నేను ఒక్కసారి కూడా పలకలేదు. ఉత్తరంలో రాశానంటే, రాతకి దోషం లేదని.

ఆవిడంటే నాకు ముచ్చటేసింది. ఒక చీర పెడతాను, జాకెట్టు నేనే కుడతాను. కొలతకి ఆవిడ పాత జాకెట్టు ఒకటి ఆదిగా పంపమను. ఒడ్డూ పొడుగూ ఎలా ఉంటుందో రాయి.

నీ ఆడపడుచు
రమణి

*

అల్ మవాలే
31 జనవరి 2025

అలిగిన వదినకి,

ముందుగా నమస్కారం, ఆ వెంటనే ఇంకో నమస్కారం, పోయినసారి బాకీతో కలిపి. చెవి ఎలా ఉంది?

మీ ఉత్తరం చదివి నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాను. మీలో ఇంత హాస్యం ఉందని తెలిస్తే ఎప్పుడో పుస్తకం రాయించేదాన్ని. గోవా ఆవిడట! మీరు అలా రాస్తే నేను మాత్రం ఊరుకుంటానా? మీ మాటలన్నీ హెర్తాకి చదివి వినిపించాను. వదినగారికి నమస్కారాలు చెప్పమంది. ఒడ్డూ పొడుగూ అచ్చం నా అంతే, నా కొలతలతోనే కుట్టేయండి. ఎర్ర అంచు ఇష్టమంది. వైరింగ్ చూసి రమ్మంటే మీ తమ్ముడు సిగ్గుపడ్డారు.

నిన్న సీబ్ బీచ్‌కి వెళ్ళాం. నీళ్ళు వెనక్కి తీసిన చోట ఇసుక మీద గీతలు గీతలుగా ఎంత బాగున్నాయో. హెర్తాకి అవంటే పిచ్చి. ఇంట్లో గాజు తొట్లలో ఇసుకా నీళ్ళూ పోసి, ఊపుతూ, గీతలు ఎలా పడతాయో చూస్తూ కూర్చుంటుంది. నేను అలా చూస్తూ నిలబడితే మీ తమ్ముడు చెప్పులు చేత్తో పట్టుకుని "ఇంక పద, పార్కింగ్ దొరకడమే కష్టమైంది" అంటున్నారు.

రిహార్సల్ మొదలైంది. వ్యాసం ఆయన చేతిలో పెట్టాను. టెండరు నోటీసులా చదువుతున్నారు. దీపం బుస్సుమన్న చోట జనం ఉలిక్కిపడాలని రాస్తే, ఆయన "బుస్. తర్వాత" అంటున్నారు. మహబూబీ గిన్నెలు తుడుస్తూ అంతా వింటోంది. "సారు చదివితే కరెంటు బిల్లు చదివినట్టుండాదమ్మా. నిన్న నువ్వు చదివితే పాపం ఆ యమ్మ ఏమైపాయనో అని పని ఇడిసిపెట్టి నిలబడుకుంటి" అంది. ఆయన ఆ మాట విననట్టు నటించారు.

కరపత్రం కూడా వచ్చింది. పైన "వెలుగు కథ: శ్రీ వీరభద్రరావు గారి ప్రసంగం" అని పెద్దక్షరాల్లో. కింద పళ్ళెం పట్టుకునేవాళ్ళలో "శ్రీమతి వీరభద్రరావు". వెతుక్కున్నాను వదినా, శ్యామలాదేవి అనే మనిషి ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఈ ముక్క నవ్వుతూ రాద్దామనుకున్నాను. నవ్వు రాలేదు.

మీ
శ్యామల

*

సామర్లకోట
12 ఫిబ్రవరి 2025

శ్యామలా,

నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆవిడ రాసింది లేచి చదివే ఆ మగాయన మా తమ్ముడేనా! వ్యాసం వాడి చేతిలో పెట్టానని నువ్వే రాశావు, వాడి పేరు పెద్దక్షరాల్లో ఉందని నువ్వే రాశావు. సాయంత్రాలు టీ పట్టుకుని కూర్చున్నది ఇందుకా? మొగుడు దగ్గర లేని మనిషి రాసుకున్నది తీసుకుని వీడు దండ వేయించుకుంటాడా? చిన్నప్పుడు వీడి డ్రాయింగులన్నీ నా చేత వేయించుకుని ప్రైజు తెచ్చుకున్నాడు. అదే బుద్ధి. ఈ ఉత్తరం వాడి చేత పైకి చదివించు. టెండరు నోటీసులా చదివినా ఫర్వాలేదు.

నువ్వూ అలాగే ఉన్నావు. పక్కన కూర్చుని ఆవిడ కాగితాలు నీ చేత్తోనే వాడికిచ్చావు. ఆడదానికి ఆడది అన్యాయం చేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

ఆవిడ ఇంట్లో ఇసుక పోసుకుని ఆడుకోవడం చదివితే కడుపు తరుక్కుపోయింది. బెంగతో మతి చలించిందేమో. ఒంటరిగా వదలకు, ఒకరోజు అన్నానికి పిలువు.

చీర కొరియర్ చేస్తున్నాను. ఉప్పాడ చీర, ముదురు నీలానికి ఎర్రంచు. జాకెట్టు నువ్వన్నట్టే నీ ఆదితో కుట్టాను. లోపల ఒక చీటీ ఉంది. ఆవిడకి తెలుగు రాకపోతే నువ్వే చదివి వినిపించు. ఒక్క ముక్క కూడా మింగకు.

రమణి

(చీటీ)

అమ్మా హెర్తా,

నేను వీరభద్రం అక్కని. వాడు చేస్తున్న పనికి నీ ఎదురుగా తల ఎత్తుకోలేను.

నేను కుట్టిన జాకెట్టు తొడుక్కుని ఎవరైనా పదిమందిలో తిరిగితే నాకు సంతోషమే. తిరగడానికేగా కుట్టింది. కాని "ఎవరు కుట్టారమ్మా" అని అడిగినప్పుడు ఆ మనిషి నా పేరు చెప్పకపోతే ఆ పూట నాకు అన్నం సహించదు. నీకూ అంతే. బాధ లేదని అబద్ధమాడకు.

గొంతు వణికితే వణకనీ. వినేవాళ్ళు సర్దుకుంటారు. చీర కుచ్చిళ్ళు దండిగా వస్తాయి, కాళ్ళు వణికినా కనపడవు. చంకల దగ్గర ఒక వేలు వదులు పెట్టాను. చెయ్యెత్తి మాట్లాడు.

రమణి, టైలరు

*

అల్ మవాలే
22 ఫిబ్రవరి 2025

వదినా,

కూర్చుని చదవండి. మీ ఆయన దగ్గర, లేకపోతే మా అన్నయ్యగారి దగ్గర కూర్చోండి, మనిషి ఒకరే కదా. చూడండి, సంతోషం ఎక్కువై ఏం రాస్తున్నానో నాకే తెలియడం లేదు.

హెర్తా మా బిల్డింగులో లేదు. గోవాలోనూ లేదు. ఆవిడ పోయి వందేళ్ళు దాటింది. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండు మనిషి. వ్యాసం రాసింది నేను. ఆవిడ గురించి నేను రాశాను, మీ తమ్ముడు చదవాలన్నారు. ఇదంతా మొదటి కాగితంలో ఉంది. ఆ కాగితం ఏమైందని మహబూబీని అడిగితే "అంతా గీతలు కొట్టేసినావు గదమ్మా, చెత్తదనుకుని డబ్బాకు చుడితి" అంది. చుట్టింది మహబూబీ. ఆ తర్వాత దాన్ని పొయ్యిలో పెట్టిందెవరో నేను రాయను. మీరు హాస్యమాడుతున్నారనుకుని నేను నా కొలతలు ఇచ్చాను. తప్పు నాది కూడా.

పార్సిల్ విప్పి మీ చీటీ చదివాక నవ్వు మొదలైంది. "బాధ లేదని అబద్ధమాడకు" దగ్గరికి వచ్చేసరికి ఏడుపొచ్చింది. నేను కాగితం మీద కొట్టేసిన ముక్కే అది. మీరు ఆ కాగితం చూడనే లేదు.

చీర ఏం చేయాలో తోచలేదు. పోయిన మనిషికి పెట్టిన చీర కదా. అప్పుడు అనిపించింది, మన ఇళ్ళలో పెద్దలకి పెట్టిన బట్ట దాచుకోరు, దండం పెట్టుకుని ఇంటి ఆడవాళ్ళు కట్టుకుంటారు కదా అని. హెర్తా ఫోటో ఒకటి ప్రింటు తీసి, ముందు చీర పెట్టి, పసుపూ కుంకుమా పెట్టాను. "ఎవరమ్మా ఈ దొరసాని?" అంది మహబూబీ. "మా వైపు పెద్దావిడ" అన్నాను. జాకెట్టు తొడుక్కుంటే నా ఒంటికి పోసినట్టు సరిపోయింది.

కారులో మీ ఉత్తరం మీ తమ్ముడికి చదివి వినిపించాను. డ్రాయింగుల సంగతి దాకా పగలబడి నవ్వారు. ఆ తర్వాత నవ్వలేదు. హైవే మీద బళ్ళన్నీ ఆగిపోయి ఉన్నాయి. "నేనే చదువుతానండీ" అన్నాను. "కరపత్రంలో నా పేరుందిగా" అన్నారు. "కరపత్రంలో మీ పేరుంది. కాగితాలు నా బ్యాగులో ఉన్నాయి" అన్నాను. రౌండబౌట్ దగ్గర స్టీరింగ్ తిప్పుతూ, "మా అక్క చీర బాగుంది" అన్నారు చివరికి. ఒప్పుకున్నారో లేదో నాకు అర్థం కాలేదు.

జ్యోతి వెలిగించాక నేను పళ్ళెంతో ఒక పక్కకి నిలబడ్డాను. సెక్రటరీగారు మీ తమ్ముణ్ణి పిలిచారు. ఆయన స్టేజీ ఎక్కి, మైకు దగ్గరికి వెళ్ళి, "ఇది రాసినావిడ పేరు శ్యామలాదేవి. ఆవిడే చదువుతుంది. నేను పళ్ళెం పట్టుకుంటాను" అని నా చేతిలోంచి పళ్ళెం తీసుకున్నారు. సెక్రటరీగారు "సార్, కార్యక్రమంలో అలా లేదు" అంటుంటే, అగ్గిపెట్టె ఆయన చేతికిచ్చి కూర్చోబెట్టారు. ఆ క్షణంలో ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందో మీకు కాబట్టి రాస్తున్నాను.

నేను నోరు తెరిచేసరికి మైకు బుస్సుమంది! జనమంతా చెవులు మూసుకున్నారు. "ఈ మైకు ఎందుకు బుస్సుమందో నాకు తెలియదు. దీపం ఎందుకు బుస్సుమనేదో మాత్రం చెబుతాను" అన్నాను. హాలంతా నవ్వింది. గొంతు అప్పటికీ వణికింది. నేను ఆగలేదు. మధ్యలో ఎప్పుడో వణుకు పోయింది, ఎప్పుడు పోయిందో గమనించలేదు. చెయ్యెత్తి మాట్లాడాను, చంక దగ్గర ఎక్కడా పట్టెయ్యలేదు.

మీకు రాయని సంగతి ఒకటుంది. దీపం బుస్సుమనడం గురించి ఇంజనీర్ల సభలో హెర్తానే లేచి చదివింది. లండన్‌లో శాస్త్రజ్ఞుల సంఘం వాళ్ళే చదవనివ్వక మగాయన చేత చదివించారు. మూడేళ్ళ తర్వాత ఆ సంఘంలో కూడా తనే నిలబడి చదివింది, ఇసుక మీద అలలు వేసే గీతల గురించి. మతి చలించలేదు వదినా. ఆవిడ అలా నిలబడి చదివిందన్న మాటతో ప్రసంగం ముగిస్తే చప్పట్లు చాలాసేపు కొట్టారు.

కిందికి దిగగానే ఒకావిడ వచ్చి "జాకెట్టు భలే కుదిరిందండీ, ఎవరు కుట్టారు?" అంది. ఊరు, పేరు, స్టేషన్ రోడ్డుతో సహా చెప్పాను.

మీ శ్యామల

*

సామర్లకోట
5 మార్చి 2025

నా మరదలు పిల్లకి,

చెవి అలాగే ఉంది. ముందే చెప్పేస్తున్నాను, అడగడం మర్చిపోతావు.

పోయిన మనిషికి నా చేత కొలతలు అడిగించావు. గోవా ఆవిడకి చీర పెడుతున్నానని మా వీధి వీధంతా చెప్పుకున్నాను, ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి విక్టోరియా రాణి సంగతి చెప్పుకోవాలి. మా తమ్ముణ్ణి అన్న మాటలు సగం వెనక్కి తీసుకుంటున్నాను. డ్రాయింగుల మాట ఉంచుకుంటాను. ఆ పనిపిల్లని తిట్టినవి మాత్రం మొత్తం వెనక్కి తీసుకున్నాను. నీ కాగితం నీళ్ళపొయ్యిలో ఎంత బాగా మండిందో తలచుకుంటే తలంటు పోసుకోవడానికే సిగ్గేస్తోంది.

ఆ చీటీ గోవా ఆవిడకని రాస్తూ రాస్తూ ఏడ్చాను. అది నాకోసమే అని అప్పుడు తెలియలేదు. నీ ఉత్తరం చదివి మీ అన్నయ్యగారితో "బోర్డు మార్పిస్తానండీ" అన్నాను. ఆయన పేపరు దించి "ఇన్నాళ్ళూ నాకే మొహమాటంగా ఉండేది. దారిలో అందరూ నన్ను జాకెట్టు ఎప్పుడిస్తారని అడుగుతారు" అన్నారు. ఆ మాట ఇన్నేళ్ళూ నాతో అనలేదు చూడు. పెయింటరు నిన్న వచ్చి రాసి వెళ్ళాడు. అక్షరాలు కొంచెం వంకర. ఉండనీ.

ఇవాళ పొద్దున్న ఫోన్ మోగింది. ఎడమ చెవికి పెట్టుకున్నాను. ఎవరో ఆవిడ, "ఏ షాపండీ" అంది. "రమణి లేడీస్ టైలర్స్" అన్నాను. గొంతు వణికింది. మళ్ళీ గట్టిగా, "రమణి లేడీస్ టైలర్స్ అండీ" అన్నాను.

ఆవిడకి మొదటిసారే వినపడిందట. నేనే ఇంకోసారి చెప్పాను.

రమణి